ఐదో మెట్టు

కాలేజీ క్వార్టర్స్, పై వాటా
జూన్ 14

అన్నయ్యకి,

నాన్న నా ఇంటికి ఒక్కసారైనా ఎందుకు రాలేదు?

నీకు రాసే ప్రతి ఉత్తరం ఈ వాక్యంతోనే మొదలవుతుంది. రాస్తాను, కొట్టేస్తాను, కాగితం మార్చి "అందరూ కులాసాయే కదా" అని మొదలుపెడతాను. ఏళ్ళ తరబడి ఇదే తంతు. నాన్న పోయి ఏడాదిన్నర అయింది. ఇక ఎవరి పరువు కాపాడటానికి కొట్టెయ్యాలో తెలియక ఈసారి ఉంచేశాను.

నువ్వు జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు. ఆయన చెప్పవలసినదానికి నిన్ను నిలదీయడం న్యాయం కాదు. నేను కాపురం వదులుకుని వచ్చేసిన రోజున "నీ గుమ్మం తొక్కను" అన్నాడు, తొక్కలేదు. ఆ సంబంధం తెచ్చింది ఆయనే, పెళ్ళికొడుకు ఆయన స్నేహితుడి కొడుకే. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. అదంతా ఒప్పుకుంటాను. కానీ ఆ తరవాత పదేళ్ళు బతికాడు కదా. కోపంతో రాలేదా, రావాలని ఉండీ రాలేకపోయాడా? రెంటిలో ఏదైనా భరించగలను. ఏదో తెలియకపోవడమే భరించలేకుండా ఉన్నాను.

సరే, ఉత్తరం అసలు నీ మోటారుసైకిలు గురించి.

నడుం నొప్పితో ఇక నడపలేనని మార్చిలో నాకు ఇచ్చేశావు చూడు, అప్పట్నుంచీ ఆ నొప్పి కూడా బండితోపాటే నాకు వచ్చినట్టుంది. పొద్దుటి బస్సు తీసేశాక వారానికి రెండుసార్లు అవతలి ఊళ్ళో రెండో క్యాంపస్‌కి దీని మీదే పోతున్నాను. డెబ్భై కిలోమీటర్లు పోను, డెబ్భై రాను. దూరప్రయాణాలకని చేసిన బండి, సోఫాలో కూర్చున్నట్టు ఉంటుందని నువ్వే అన్నావు. వంతెన మీద అతుకు వచ్చినప్పుడల్లా కింద నుంచి ఎవరో రోకలితో పొడిచినట్టు ఉంటోంది. క్లాసులోకి వెళ్ళేసరికి వేళ్ళు మొద్దుబారిపోయి చాక్‌పీసు జారిపోతోంది. సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద బోర్లా పడితే లేచి దీపం వెయ్యడానికి కూడా ఓపిక ఉండదు.

మా ఆఫీసు సూపరింటెండెంటు బండి కొంటానని వెంటపడుతున్నాడు. ఇంకో రెండు నెలలు చూస్తాను. బాగుపడకపోతే ఇచ్చేస్తాను. నీకు చెప్పకుండా అమ్మడం ఇష్టంలేక రాస్తున్నాను. ఫోనులో చెబుదామంటే పంపుల మోతకి నీ చెవులు ఎప్పుడో పోయాయి.

చెల్లి


పంపుహౌసు, పగటి షిఫ్టు
జూన్ 23

పంతులమ్మకి,

బండి అమ్మకు. తొందరపడకు.

బండి ఒళ్ళు నొప్పి చేస్తోందంటే అందరూ ముందు సీటుని తిడతారు. అది తప్పు. జ్వరం వస్తే డాక్టరు ముందు నాలుక చూస్తాడు కానీ పొట్ట కొయ్యడు. సులువుగా చూడగలిగినవి ముందు చూడాలి, విప్పాల్సినవి తరవాత. ఒకేసారి రెండు మార్చకు. మారిస్తే ఏది పనిచేసిందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

మొట్టమొదట టైర్లలో గాలి. పొద్దున్నే బండి కదలకముందు, టైరు చల్లగా ఉండగా చూపించు. పెట్రోలు బంకువాడు పెద్ద బండి కదా అని దట్టించేస్తాడు. రాయిలాంటి టైరు మీద పోతే రోడ్డు మీది ప్రతి చీమా నీకు తగులుతుంది.

రెండోది, జేబులో ఒక కాగితం పెట్టుకో. ఎక్కడ నొప్పి, ఎన్నో కిలోమీటరు దగ్గర మొదలైంది, ఆ దెబ్బ ముందు చక్రానిదా వెనక చక్రానిదా రాసుకో. "ఒళ్ళంతా నొప్పి" అంటే నాకు ఏమీ అర్థం కాదు. మీ వదిన కూడా అలాగే అంటుంది, చివరికి చూస్తే చెప్పు బిగుతు.

నువ్వు మొదట రాసిన ప్రశ్న చదివాను. మూడో నంబరు పంపు ఆగింది, వెళ్ళాలి.

అన్నయ్య


కాలేజీ క్వార్టర్స్
జూలై 8

అన్నయ్యకి,

మూడో నంబరు పంపు సమయానికి ఆగడం నీ అదృష్టం.

గాలి విషయంలో నువ్వన్నదే నిజం. రెండు టైర్లూ రాళ్ళే. కంపెనీ వాళ్ళు పెట్టమన్న లెక్కకి తగ్గించాను, కంకర రోడ్డు మీద పళ్ళు టకటకలాడటం తగ్గింది. నువ్వడిగిన కాగితం ఇదీ. ఇరవయ్యో కిలోమీటరు: మణికట్లు లాగడం. ముప్ఫై అయిదు: కుడిచేతి రెండు వేళ్ళు తిమ్మిరి. నలభై, వంతెన: నడుం కింద పోటు, ప్రతి అతుకుకీ ఒకటి, మొత్తం పదకొండు. ముందు చక్రం అతుకు దాటేటప్పుడు ఏమీ అనిపించదు. వెనక చక్రం దాటేటప్పుడు తన్నుతోంది. యాభై తరవాత: సీటు లేనట్టే, కింద రేకు మీద కూర్చున్నట్టు.

ఇది రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. పిల్లలకి పాత శాసనాలు చదవడం నేర్పేదాన్ని, నా నడుం మీద శాసనం నేనే చెక్కుకుంటున్నాను.

ఇక్కడ పని గురించి ఏం రాయను. రెండు క్యాంపస్‌ల భారం ఈ ఏడాదికే అన్నారు, అలాగే కిందటేడూ అన్నారు. కాదనడానికి ప్రిన్సిపాల్ గదిదాకా వెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఏదో సెలవు చీటీ గురించి మాట్లాడి వచ్చేస్తాను. ఇంట్లో తలుపు తీసి, వేడినీళ్ళ సంచి నడుం కింద పెట్టుకుని, పైకప్పు చూస్తూ పడుకుంటాను.

నా ప్రశ్న చదివానని రాశావు. చదివినందుకు సంతోషం.

చెల్లి


పంపుహౌసు
జూలై 19

పంతులమ్మకి,

కాగితం బ్రహ్మాండం. మా ఇంజనీరుకి చూపిస్తే నిన్ను ఇక్కడ ఉద్యోగంలో పెట్టుకుంటాడు.

మణికట్లు, వేళ్ళు: అది హ్యాండిలు పని. నా చేతులు పొడుగు, అందుకని దాన్ని ముందుకి తిప్పి పెట్టుకున్నాను. నువ్వు దాన్ని అందుకోవడానికి వంగి, బరువంతా అరచేతుల మీద వేస్తున్నావు. రెండు బోల్టులు వదులుచేసి నీ వైపుకి తిప్పించు. మోచేతులు కర్రల్లా బిగించకు. ముందు ఫోర్కుల్లో ఆయిల్ పోసి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు, నీళ్ళయిపోయి ఉంటుంది, మార్పించు. సీటులో స్పాంజి చచ్చింది, కొత్తది వేయించు.

వెనక షాక్ అబ్జార్బర్ల స్ప్రింగుల జోలికి మాత్రం పోకు. అవి నేను చూసి పెట్టినవే, బాగానే ఉన్నాయి. పాత బండి, ఏ బోల్టో విరిగితే మళ్ళీ దొరకదు. సూపరింటెండెంటుకి అప్పుడే మాటివ్వకు.

మీ వదిన నువ్వు చిక్కిపోయావా అని అడగమంది. ఉత్తరంలో ఎలా కనబడుతుందే అంటే, అక్షరాలు సన్నబడ్డాయి అంది.

అన్నయ్య


కాలేజీ క్వార్టర్స్
ఆగస్టు 6

అన్నయ్యకి,

ఒక్కొక్కటే చేశాను, రెండు కలపలేదు. హ్యాండిలు తిప్పించాక వేళ్ళ తిమ్మిరి పోయింది. ఫోర్కుల్లోంచి నల్లటి నీళ్ళు కారాయి, ఆయిల్ మార్చాక బ్రేకు వేస్తే ముందుకి మునగడం తగ్గింది. సీటుకి కొత్త స్పాంజి వేయించాను. వంతెన మీద పదకొండు పోట్లు మాత్రం పదకొండూ అలాగే ఉన్నాయి.

మూడు వీధుల అవతల షెడ్డులో ఒక పెద్దాయన ఉన్నాడు. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువసేపు చూస్తాడు. నన్ను బండి మీద కూర్చోమని, వెనక వంగి చూసి, దిగమని, మళ్ళీ కూర్చోమన్నాడు. ఇలా నాలుగుసార్లు. చివరికి, "మీరు ఎక్కినా దిగినా దీనికి తెలియడం లేదమ్మా" అన్నాడు. మనిషి కూర్చుంటే వెనక భాగం రెండు వేళ్ళు దిగాలట, నేను కూర్చుంటే వెంట్రుకవాసి దిగడంలేదు. వెనక స్ప్రింగు బిగువుకి ఐదు మెట్లు ఉంటాయట. ఒక్క మనిషికి రెండో మెట్టు చాలు. ఇది ఐదో మెట్టు మీద ఉంది. అది ఇద్దరు బరువైన మనుషులూ, పక్క పెట్టెల నిండా సామానూ ఉంటే పెట్టేది. నా ఒక్కదాని బరువుకి ఆ స్ప్రింగు వంగనే వంగదు, అందుకని రోడ్డు చేసేదంతా నేరుగా నా నడుముకి అప్పజెబుతోంది.

"మీ అన్నగారు ఎప్పుడూ ఇద్దరు తిరిగేవారా" అని అడిగాడు. లేదండీ, ఏటా ఒక్కడే వచ్చేవాడు అన్నాను. ఆయన చేతులు తుడుచుకున్నాడు.

ఏడేళ్ళు వరసగా వచ్చావు. నా గుమ్మం ముందు ఒక్కడివే దిగావు. వెనక ఎవరున్నారో చెప్పు, లేకపోతే వదినకి రాస్తాను. దారిలో దింపేసి వచ్చేవాడివా? వేళాకోళానికే అంటున్నానులే. అయినా నువ్వు జోలికి పోవద్దన్నది ఒక్కటే కావడం, జబ్బు సరిగ్గా అక్కడే ఉండడం నాకు వింతగా ఉంది. పెద్దాయన మెట్టు తగ్గించేస్తానంటే ఆగమన్నాను. నీ జవాబు వచ్చాక చూద్దామని.

చెల్లి


పంపుహౌసు
ఆగస్టు 13

పంతులమ్మకి,

వెనక ఎవరూ లేరు. సామాను ఉండేది. పనిముట్లు, గుడారం, వంటకి స్టవ్వు. రోడ్డు మీద పోయేవాడికి సవాలక్ష ఉంటాయి. నేనూ బరువే కదా.

మెట్టు తగ్గించుకోవాలనుకుంటే తగ్గించుకో, నన్నడిగేదేముంది. బండి నీది. షెడ్డువాళ్ళు ఏదో ఒకటి అంటారు, అన్నవన్నీ పట్టుకుని పరిశోధన చెయ్యకు. చరిత్ర పాఠాలు కాలేజీలో చెప్పుకో.

ఇక్కడ అంతా మామూలే.

అన్నయ్య


కాలేజీ క్వార్టర్స్
ఆగస్టు 20

అన్నయ్యకి,

నీకు కోపంగా ఉత్తరం రాయడం రాదు. అక్షరాలు పెద్దవైపోతాయి, అంతే.

నీ పెట్టెలు నాకు తెలుసు. రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు, నాకోసం వదిన కట్టి ఇచ్చిన పొట్లం. గుడారం నేను ఏనాడూ చూడలేదు.

నీ ఉత్తరం వచ్చాక కిందికి దిగి, నేల మీద కూర్చుని, బండి వెనక భాగం మొత్తం చూశాను. నా మీద నాకు నమ్మకంలేక షెడ్డు పెద్దాయనకీ చూపించాను. వెనక కూర్చునేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే రెండు ఫుట్‌రెస్టుల్లో ఎడమది కొత్తదానిలా ఉంది. కుడిదాని రబ్బరు బొటనవేలు ఆనేచోట అరిగి ఇనుము బయటపడింది. ఆ కడ్డీ కూడా కాస్త కిందికి వంగింది. ఆయన దాన్ని వేలితో తడిమి ఇలా అన్నాడు. "వెనక కూర్చుని బ్రేకు తొక్కుతూ వచ్చాడమ్మా ఎవరో. మలుపు మలుపుకీ తొక్కి ఉంటాడు. డ్రైవరయ్యుండాలి. వాళ్ళకి కాలు ఊరుకోదు."

ముప్ఫై ఒక్కేళ్ళు దూరపు బస్సు నడిపిన మనిషి మన ఇంట్లో ఒకడే ఉన్నాడు. ఇంకొకడు నడిపే బండి జన్మలో ఎక్కనని, పిన్ని కూతురి పెళ్ళికి అందరం వ్యానులో పోతే ఎనిమిది కిలోమీటర్లు నడిచి వచ్చిన మనిషి. అందుకే నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

నాన్నేనా? ఒక్క మాట రాయి. పంపు ఆగినా సరే, రాసి వెళ్ళు.

చెల్లి


ఇల్లు
ఆగస్టు 31

చెల్లికి,

నాన్నే. ఏడుసార్లు.

ఇది పంపుహౌసులో రాయలేక ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. మీ వదినకి మొదట్నుంచీ తెలుసు. చెప్పెయ్యమని అప్పట్నుంచీ పోరుతోంది.

నువ్వు వెళ్ళిపోయిన మూడో ఏడు, నేను మొదటిసారి బండి మీద నీ దగ్గరికి బయల్దేరిన రోజు. పెట్టెలు బిగిస్తుంటే నాన్న డ్యూటీకి తీసుకెళ్ళే పాత సంచీ భుజాన వేసుకుని వచ్చి వెనక సీటు మీద కూర్చున్నాడు. ఎక్కడికన్నాను. "నువ్వెక్కడికో అక్కడికే" అన్నాడు. దిగమనడానికి నాకు నోరు రాలేదు. ఊరు దాటేసరికి వెనక చక్రం మడ్‌గార్డుకి తగలడం మొదలైంది, ఇద్దరం బరువే కదా. నన్ను ఆపమని, దిగి, సంచిలోంచి పానా తీసి, స్ప్రింగు ఐదో మెట్టుకి ఆయనే తిప్పాడు. నేను చూసి పెట్టానని నీకు రాసింది అబద్ధం.

దారి పొడుగునా కాలు తొక్కుతూనే ఉండేవాడు. "హారన్ కొట్టు" అనడం తప్ప ఏడు ప్రయాణాల్లో ఆయన నాతో పెద్దగా మాట్లాడింది లేదు. మీ ఊరి బస్టాండు వెనక లాడ్జి ఉంది చూడు, అక్కడ దిగేవాడు. నేను నీ దగ్గర రెండు రోజులుండేవాణ్ణి, ఆయన అక్కడ రెండు రోజులుండేవాడు. సాయంత్రాలు బండి కడిగించుకొస్తానని నీతో చెప్పి వెళ్ళేది ఆయన దగ్గరికే. నువ్వెలా ఉన్నావని ఒక్కసారీ అడగలేదు. తలుపుకి లోపల గడియ గట్టిదేనా, కళ్ళద్దాలు మార్పించుకుందా, వంటింటి కొళాయి ఇంకా కారుతోందా, ఇవే అడిగేవాడు. ఆ కొళాయి నేను ఊరికే బాగుచెయ్యలేదు. ఆయన చెప్పి పంపితే చేశాను.

రెండో ప్రయాణంలో నేను ఉండబట్టలేక, "ఇంతదూరం వచ్చి ఇక్కడ కూర్చోవడమేంటి నాన్నా, లే, పోదాం" అన్నాను. "తొక్కనన్నాను కదరా" అన్నాడు. "దానితో చెప్పావా, మళ్ళీ నీ బండి ఎక్కను" అన్నాడు. ఎక్కకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. వచ్చేది కూడా మానేస్తాడు. అందుకని నోరు మూసుకున్నాను.

ఇంకొకటి ఉంది. రాయకూడదనుకున్నాను, కానీ సగం చెప్పి సగం దాస్తే మళ్ళీ మొదటికే వస్తాం. నాలుగో ప్రయాణంలో, నేను మీ ఇంట్లో కొళాయి బిగిస్తున్న సాయంత్రం, ఆయన ఒక్కడే నడుచుకుంటూ మీ వీధి చివర బస్‌స్టాపుదాకా వచ్చాడట. నేను తరవాత లాడ్జికి వెళ్ళేసరికి సంచీ సర్దుకుని కూర్చున్నాడు. "కనబడింది" అన్నాడు. మాట్లాడావా అన్నాను. "తనకేదో పని ఉందిలే" అన్నాడు. మర్నాడు ఉండాల్సిన వాళ్ళం, పొద్దున్నే బయల్దేరిపోయాం. నాకు డ్యూటీ పడిందని నీకు చెప్పాను. ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. మరుసటి ఏడు రాడనుకున్నాను, వచ్చాడు. ఆ తరవాత ఇంకో రెండేళ్ళు కూడా వచ్చాడు. కానీ లాడ్జి దాటి అడుగు బయట పెట్టలేదు. చివరి ప్రయాణంలో దిగుతూ, "ఇక నడుం తట్టుకోవడంలేదురా" అన్నాడు.

ఆయన పోయాక నేను ఒక్కణ్ణే నడిపాను, అదే ఐదో మెట్టు మీద. నా నడుం అలాగే పోయింది. డాక్టరు వయసు అన్నాడు, నేను సరే అన్నాను. ఆయన చేత్తో తిప్పినదాన్ని వెనక్కి తిప్పడానికి నాకు చెయ్యి రాలేదు. నీకిచ్చేటప్పుడైనా మార్చాల్సింది. ఏడుసార్లు నీ ఇంట్లో కూర్చుని నీ మొహం చూస్తూ అబద్ధమాడానని నీకు తెలుస్తుందని భయపడే ఆ స్ప్రింగు జోలికి పోవద్దన్నాను. కావాలంటే నన్ను తిట్టు. బండి ఏం చేసుకున్నా సరే.

అన్నయ్య


కాలేజీ క్వార్టర్స్
సెప్టెంబరు 27

అన్నయ్యకి,

నెలరోజులు జవాబు రాయలేదు. వదిన రెండుసార్లు ఫోను చేసింది, ఒంట్లో బాగాలేదని చెప్పాను. అబద్ధం కూడా కాదు.

నీమీద కోపం వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. ప్రస్తుతం తగ్గి ఉంది కాబట్టి రాస్తున్నాను. అవతలి క్యాంపస్‌కి పోయేటప్పుడు లాడ్జి పక్కనుంచే పోవాలి. ఇన్నేళ్ళూ అక్కడ ఆకుపచ్చ రంగు పోయిన ఒక గోడ ఉందనే నాకు తెలుసు. మొన్న బండి ఆపి పైకి చూశాను. కిటికీలన్నీ ఒకలాగే ఉన్నాయి. లోపలికి వెళ్ళి ఏ గదో అడగాలనుకున్నాను, ఏమని అడగాలో తెలియక వచ్చేశాను.

స్ప్రింగు నేనే తిప్పాను. షెడ్డు పెద్దాయన పక్కన నిలబడి చెబుతుంటే, ఐదు నుంచి నాలుగు, మూడు, రెండు. తుప్పు పట్టి ఉంది, సులువుగా రాలేదు. మర్నాడు వంతెన మీద పదకొండు అతుకులూ దాటాను. నడుముకి ఒక్కటీ తగల్లేదు. బండి నువ్వు చెప్పినట్టే నడుస్తోంది. సూపరింటెండెంటుకి అమ్మనని చెప్పాను. నొప్పి లేని ప్రయాణం ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. ఇదివరకు దారంతా నొప్పి లెక్కపెట్టుకుంటూ పోయేదాన్ని, ఇప్పుడు ఆలోచించడానికి డెబ్భై కిలోమీటర్లు ఖాళీగా దొరుకుతున్నాయి.

అందులో ఆలోచించినది నీకు చెప్పాలి. నువ్వు దాచింది చెప్పావు, నా దగ్గరా ఒకటి ఉంది.

నువ్వు నాలుగోసారి వచ్చినప్పటి ఆ సాయంత్రం నాకు గుర్తుంది. పేపర్లు దిద్దే పని మీద వెళ్ళి, జవాబు పత్రాల కట్ట గుండెకి ఆనించుకుని వస్తున్నాను. నువ్వు ఇంట్లో కొళాయి విప్పి కూర్చున్నావు, నీళ్ళు ఆపేశావు, త్వరగా వెళ్ళాలి అనుకుంటున్నాను. వీధి చివర బస్‌స్టాపులో బల్ల ఖాళీగా ఉన్నా ఒక ముసలాయన కూర్చోకుండా నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా. నాకూ ఆయనకీ మధ్య రోడ్డు వెడల్పే దూరం. నా వైపు చూశాడు, నేనూ చూశాను. ఆయన కుడిచెయ్యి పైకెత్తాడు, పూర్తిగా కాదు, మోచెయ్యి వరకే. ఎదురొచ్చే బస్సుకి డ్రైవర్లు ఎత్తుతారే, అలా. ఎత్తి, ఒక క్షణం అలాగే ఉంచి, దించేశాడు.

నేను ఆగలేదు. నడక మార్చలేదు కూడా. ఇంటికొచ్చి పత్రాలు బల్ల మీద పెట్టి, కొళాయి అయిందా అని నిన్నడిగాను. నీకు ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదనుకున్నాను. నాన్న ఇంకొకడి బండి ఎక్కడు కదా, మూడువందల కిలోమీటర్లు నడిచి రాడు కదా, కాబట్టి ఆయన నాన్న కాదు. ఎవరో పోలికున్న మనిషి, ఎవరికో చెయ్యెత్తాడు. అలా వాదించుకున్నట్టు నాకు స్పష్టంగా గుర్తుంది. ఆ వాదన ఎప్పుడు చేసుకున్నానన్నదే గుర్తులేదు. రోడ్డు మీద నడుస్తుండగానా, ఇంటికి వచ్చాకా? రోడ్డు మీదే అయితే, ఆయన్ని చూడగానే నాన్న అని తట్టి ఉండాలి. తట్టకపోతే కాదని వాదించుకోవడం దేనికి?

తరగతిలో పిల్లలకి చెబుతాను, సాక్షి తనకి అనుకూలంగా గుర్తుపెట్టుకుంటాడు, నమ్మకండి అని. ఇప్పుడు సాక్షిని నేనే, అడిగేదాన్నీ నేనే. ఒకరోజు నాకు ఆయన మొహం స్పష్టంగా కనిపిస్తుంది, కళ్ళ కింద నలుపుతో సహా. కనిపిస్తే, గుర్తుపట్టే వచ్చేశానని అనుకుంటాను. ఇంకోరోజు ఆ చొక్కా, ఆ చెయ్యి తప్ప ఏమీ రాదు. మొహం నువ్వు ఉత్తరం రాశాక నేను అతికించుకున్నదేమో అనిపిస్తుంది. "తనకేదో పని ఉందిలే" అన్నాడని రాశావు. ఆయనకైనా తెలిసిందో లేదో. నేను చూసి మొహం తిప్పుకున్నానని తెలిసీ నన్ను కాపాడటానికి నీతో అలా అన్నాడా? నిజంగానే పనిలో ఉన్నాననుకున్నాడా? మరుసటి ఏడు మళ్ళీ ఎందుకు వచ్చాడు? అవేవీ ఇక తెలిసేవి కావు. వాటిని వదిలెయ్యగలను అనుకుంటున్నాను.

నాది మాత్రం నాకు తెలియాలి. నలభై ఆరేళ్ళ మనిషిని, నా బుర్రలో జరిగింది నాకు తెలియాలి కదా. నువ్వు దయచేసి "గుర్తుపట్టి ఉండవులే" అని రాయకు. వదినని కూడా రాయవద్దను. మీరు అలా అంటే నాకు హాయిగా ఉంటుంది, ఆ హాయినే నేను నమ్మేస్తాను.

ఆ సాయంత్రం నేను నాన్నని గుర్తుపట్టి వెళ్ళిపోయానో, గుర్తుపట్టక వెళ్ళిపోయానో తేల్చుకోలేకపోతున్నాను.

చెల్లి